అమెరికా గోధుమలు, జపాను శేర్వ, కోరుట్ల వాకిలి

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను డి.ఏ. బకాయిల గురించో హెల్త్ కార్డుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి నాకన్నా బాగా రాసేవారు మన సంఘంలో ఉన్నారు. నేను ఈసారి ఒక గిన్నెడు శేర్వ గురించి రాస్తున్నాను. అది జపాను వంట, పేరు రామెన్. సెలవు మీద వచ్చిన మా మనుమరాలు కోరుట్లలో మా ఇంటి వాకిట్లో దాన్ని వండింది. ఆ వంట వెనుక ఉన్న చరిత్ర, వండే తీరు, దాన్ని తింటుంటే నాకు గుర్తుకు వచ్చిన నా పాత తప్పు ఒకటి, ఈ మూడూ చెప్పి ముగిస్తాను.

మన దిక్కు బతుకు మూడు 'బాయి'ల్లో ఉందని పెద్దలు అనేవారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. సిరిసిల్ల నేతవారు షోలాపూర్, భీవండి, బొంబాయి పోయి బతికారు. మరమగ్గాన్ని మనవాళ్లు 'సాంచ' అంటారు. ఆ మాట ఆ పడమటి దిక్కు నుంచి వచ్చిందే. 1973లో చమురు ధర పెరిగిన తరువాత కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు దారి పడ్డది. పోయినవారు పైసలతో పాటు నాలుకకు కొత్త రుచి కూడా తెచ్చారు. మండీ, ఖుబూస్ అన్న మాటలు నా చిన్నతనంలో మన ఊళ్లలో ఎవరికీ తెలియవు. ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక మూడు బాయిలు దాటి జపాను వంతు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివిన పిల్లలకు జపాను భాష నేర్పించి పంపుతున్నది. మా బిడ్డ బిడ్డ ఆ దారినే పోయి అక్కడ వృద్ధుల ఆశ్రమంలో పని చేస్తున్నది.

ఆమె రామెన్ వండుతానంటే ఇంట్లో అందరం సంతోషించాము. పంది మాంసంతో వండుతానన్నప్పుడు మాత్రం అందరం చప్పుడు చేయలేదు. చివరికి మా ఇంటావిడే నోరు తెరిచింది. "నా పొయ్యి మీద మాత్రం వద్దు బిడ్డా. వాకిట్ల కట్టెల పొయ్యి పెట్టుకో. గిన్నెలు సుత వేరే తీస్త" అన్నది. మా ఇంట్లో ఎన్నడూ పంది మాంసం వండలేదు. ఎందుకు వండలేదని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

గిన్నెలోని పోగులు ఎక్కడివి?

పిండిని పోగులుగా చేసి ఉడికించి తినడం చీనావారి పాత విద్య. చీనాలోని లాజియా అనే చోట తవ్వకాల్లో, సుమారు 4,000 ఏండ్ల నాటి ఒక మట్టి గిన్నె కింద సన్నని పోగులు దొరికాయని 2005లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అవి కొర్రలు, వరిగల పిండితో చేసినవని చెప్పారు. కొర్రపిండి అంత పొడుగ్గా సాగుతుందా అని తరువాత కొందరు శాస్త్రవేత్తలు అనుమానించారు కూడా. ఏమైనా మన అవ్వలు దంచి వండిన కొర్రలు ఆ లెక్కలోకి రావడం నాకు ముచ్చటగా తోచింది.

జపానుకు ఈ రకం పోగులు వచ్చింది వలస కూలీల వెంట, వర్తకుల వెంట. 1859లో యొకొహామా రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. దక్షిణ చీనా నుంచి వచ్చిన జనం అక్కడ ఒక వాడ కట్టుకున్నారు. ఎముకల రసంలో గోధుమ పోగులు వేసి అమ్మేవారు. జపానువారు దాన్ని మొదట చీనావాళ్ల తిండి అని పేరు పెట్టి పిలిచారు. రామెన్ అన్న పేరు దేశమంతటా స్థిరపడింది చాలా కాలం తరువాత.

ఇక్కడ మన సంఘం సభ్యులకు నచ్చే సంగతి ఒకటి ఉన్నది. 1910లో టోక్యోలోని అసకుసాలో 'రైరైకెన్' అనే హోటల్ వెలిసింది. జపానులో ఈ వంటను మామూలు జనానికి అలవాటు చేసిన తొలి హోటళ్లలో దాని పేరే ముందు చెప్తారు. దాన్ని పెట్టిన ఓజకి కన్ఇచి యొకొహామా సుంకాల కచేరీలో ఉద్యోగి. యాభై దాటిన తరువాత కొలువు విడిచి, యొకొహామా చీనావాడ నుంచి వంటవాళ్లను తెచ్చుకొని ఈ పని మొదలుపెట్టాడు. కాబట్టి కొలువు దిగినవాడి పని అయిపోయిందని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి.

అవే గోధుమలు సిరిసిల్లకూ వచ్చాయి

1945లో యుద్ధం ఓడిపోయిన జపానులో తిండి లేదు. ఆ ఏడు వరి పంట కూడా బాగా దెబ్బతిన్నది. దేశం అమెరికా సైన్యం చేతిలో ఉన్నది. అమెరికా నుంచి గోధుమ పిండి వచ్చింది. బడిపిల్లలకు రొట్టె, పాలపిండితో కలిపిన పాలు పెట్టారు. చీనా, మంచూరియాల నుంచి తిరిగి వచ్చిన జపానువారిలో ఆ పోగుల వంట నేర్చినవారు ఉన్నారు. పిండి ఉన్నది, పని తెలిసినవారు ఉన్నారు, ఆకలి ఉన్నది. తోపుడు బండ్ల మీద, దొంగ బజార్లలో వేడివేడి పోగుల శేర్వ అమ్ముడుపోయింది.

1954లో అమెరికా తన మిగులు ధాన్యాన్ని ఇతర దేశాలకు ఇచ్చేందుకు పబ్లిక్ లా 480 చేసింది. మన ఫైళ్లలో పి.ఎల్. 480 అని చూసిన అక్షరాలు అవే. జపాను ఆ గోధుమలు తీసుకున్నది. మన దేశం 1956 ఆగస్టులో ఒప్పందం చేసుకున్నది. 1965, 1966 కరువు ఏండ్లలో మన తిండి ఆ ఓడల మీదనే ఆధారపడ్డది. 1966 ఒక్క ఏటనే కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి అయింది.

అప్పుడు నేను సిరిసిల్లలో హైస్కూలు చదువుతున్నాను. రేషన్ దుకాణంలో ఎర్రటి అమెరికా గోధుమలు ఇచ్చేవారు. మాది అన్నం, గట్క తినే ఇల్లు. మా అమ్మకు రొట్టె చేయరాదు. గోధుమలు విసిరి, రవ్వ తీసి, జొన్న గట్క వండినట్టే వండేది. అది పొద్దటికి రాయి లెక్క గట్టిపడేది. మా ఇంటి వెనుక ముస్లింల ఇండ్లలో మాత్రం ఆ పిండి చక్కగా పనికి వచ్చింది. రంజాన్‌కు ముందు మంచం పట్టెకు సేవయ్యల మిషన్ బిగించి, ఒకరు తిప్పుతుంటే ఒకరు పోగులు పట్టి, నులక మంచాల మీద ఆరబెట్టేవారు. పండుగ నాడు మా ఇంటికి ఒక గిన్నెడు షీర్ ఖుర్మా వచ్చేది. మేము కష్టంగా మింగిన గోధుమలు అంత బాగుంటాయా అని ఆశ్చర్యపోయేవాణ్ణి.

అమెరికా గోధుమలతో జపానువారు ఏం చేశారో మరొక్క మాట. యుద్ధం తరువాతి చలికాలంలో ఒసాకాలో ఒక బండి ముందు పోగుల శేర్వ కోసం జనం పొడుగ్గా వరుస కట్టడం తైవాన్‌లో పుట్టిన మొమొఫుకు ఆండో చూశాడు. ఆ జ్ఞాపకం ఆయనను వదలలేదు. 1958 ఆగస్టులో, నూనెలో వేయించి ఎండబెట్టిన పోగుల పొట్లం బజారులోకి తెచ్చాడు. వేడినీళ్లు పోస్తే చాలు. మొదట దాని ధర 35 యెన్లు. అప్పటి మామూలు పోగులు 6 యెన్లకే దొరికేవి. అయినా అమ్ముడుపోయింది. మన దేశంలో 1983లో మ్యాగీ వచ్చింది. మన పిల్లలు "రెండు నిమిషాలు" అని మారాం చేసి తిన్నది ఈ వంశంలోనిదే.

మాంసం, మైల

ఇక పంది సంగతి. జపానువారు ఎప్పుడూ మాంసం తినేవారేనని నేను అనుకున్నాను. అది తప్పు. బౌద్ధం వేళ్లూనుకుంటున్న కాలంలో, క్రీ.శ. 675లో తెంము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినరాదని ఆజ్ఞ ఇచ్చాడు. తరువాత వెయ్యేండ్లకు పైగా, అక్కడక్కడ చాటుమాటుగా తిన్నా, నాలుగు కాళ్ల జంతువుల మాంసం మైల అన్న భావం నిలిచింది. పశువులను కోసేవారిని, తోలు పని చేసేవారిని ఊరి బయట ఉంచారు. వారితో పొత్తు లేదు, పెండ్లి లేదు. వినగానే మనకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

1871లో జపాను ప్రభుత్వం ఆ అంటరాని పేర్లను రద్దు చేస్తూ ఆజ్ఞ ఇచ్చింది. 1872లో మెయిజి చక్రవర్తి తాను గొడ్డు మాంసం తిన్నట్టు లోకానికి తెలియనిచ్చాడు. 1899 నాటికి టోక్యోలోని 'రెంగతెయి' అనే హోటల్లో పంది మాంసాన్ని పొడి అద్ది కరకరలాడేటట్టు నూనెలో వేయించి పెట్టారు. 1937లో కురుమె పట్టణంలో పంది ఎముకలు మరిగించిన రామెన్ మొదలైంది. వెయ్యేండ్ల మైల డెబ్బై ఏండ్లలో వీధి తిండి అయింది. అయితే ఆ పని చేసిన కుటుంబాల మీది చిన్నచూపు ఆజ్ఞతో పోలేదు. చాలా కాలం నిలిచింది. తిండి మీది మైల తొందరగా పోతుంది, మనిషి మీది మైల పోదు.

జపానులో ఆ ఆజ్ఞ వచ్చిన 1871లోనే మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. పుట్టుకతోనే కొన్ని కులాలను దొంగల జాబితాలో వేసిన చట్టం అది. 1911 చట్టంతో మద్రాసు ఇలాకాకు కూడా వచ్చింది. అక్కడి ఎరుకలవారు ఆ జాబితాకు ఎక్కారు. స్వతంత్రం వచ్చాక 1952లో దాన్ని ఎత్తివేశారు. ఎరుకలవారు బుట్టలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు, పందులను పెంచేవారు. చట్టం పోయినా ముద్ర పోలేదు. ఆ ముద్ర వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అది ఇక్కడ రాయక తప్పదు.

1975 ప్రాంతంలో నేను ఒక తాలూకా కచేరీలో సప్లయి సెక్షన్ ఎల్.డి.సి.ని. ఒక ఎరుకల పెద్దమనిషి రేషన్ కార్డు కోసం అర్జీ పట్టుకొని వచ్చాడు. మా బాపు వయసు ఉంటుంది. నేను కాగితం చేతికి తీసుకోలేదు. "బల్ల మీద పెట్టి అవతల నిలబడు" అన్నాను. ఆయన అట్లాగే పెట్టి, బయట చెట్టు కింద పొద్దుగూకే దాకా నిలబడ్డాడు. ఆ అర్జీ కట్టలో అడుగుకు పోయింది. ఆయన మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి రాలేదు. లంచం అడగలేదు, తిట్టలేదు కనుక తప్పు చేయలేదనే అనుకున్నాను. ముప్పై అయిదేండ్ల సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదని పదవీ విరమణ సభలో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కొన్న తీరు, వండిన తీరు

ఆదివారం పొద్దున మనుమరాలితో జగిత్యాలకు పోయాను. ఊరి చివర ఒక ఎరుకలాయన మాంసం అమ్ముతున్నాడు. "సారూ, ఇది మీకేనా, ఎవరికన్న తీస్కపోతున్నరా?" అని అడిగాడు. "మాకే" అన్నాను. ఆయన నవ్వి, తోలు, కొవ్వు, కండ పొరలుపొరలుగా ఉన్న పొట్ట భాగం చూసి కోసి ఇచ్చాడు. "తోలు తియ్యకుండ్రి, అదే కరకర అంటది" అన్నాడు. పొట్లం చేతికి అందిస్తే చేతితోనే అందుకున్నాను. ఆయన నా ముఖం వంక ఒకసారి చూసినట్టు అనిపించింది. నా మనసుకే అట్లా తోచిందేమో.

ఇక వండే పద్ధతి, నాలుగు గిన్నెలకు:

శేర్వ: కిలో ఎముకలు తీసుకోవాలి. మొదట నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, మురికి నురుగు వచ్చిన ఆ నీళ్లు పారబోసి, ఎముకలు కడగాలి. తరువాత మూడు లీటర్ల నీళ్లు, ఒక ఉల్లిగడ్డ, అల్లం ముక్క, ఎల్లిగడ్డ వేసి అయిదారు గంటలు బాగా మరగనివ్వాలి. కుక్కరులో అయితే గంటన్నర చాలు. ఉప్పు ఇప్పుడు వేయరాదు. ఎముకల లోపలి జిగురు, కొవ్వు నీళ్లలో కలిసి శేర్వ పాల లెక్క తెల్లబడుతుంది. మన పాయ వండినవారికి ఇది కొత్త కాదు. పాయ అన్న మాట, శేర్వ అన్న మాట పారసీక దేశం నుంచి నడిచి వచ్చినవే.

పోగులు: రామెన్ పోగులు పచ్చగా ఉండేది గుడ్డుతో కాదు, క్షారంతో. జపానువారు దాన్ని 'కన్‌సుయి' అంటారు. మన అప్పడాల్లో వేసే పాపడ్ ఖార్ దానికి చుట్టమే. అది దొరక్కపోతే తినే సోడాను ఇనుప పెనం మీద సన్నని మంట మీద గంటసేపు వేయించాలి. దాని గుణం మారి ఘాటైన క్షారం అవుతుంది. బట్టలుతికే సోడా మాత్రం వాడవద్దు. 400 గ్రాముల మైదాకు ఒక చెంచా కన్నా తక్కువ ఈ పొడి, అర చెంచా ఉప్పు, 160 మిల్లీలీటర్ల నీళ్లు. పిండి చాలా గట్టిగా ఉంటుంది. తడిగుడ్డ కప్పి గంట ఉంచి, పలుచగా వత్తి, పొడి పిండి చల్లి మడిచి, కత్తితో సన్నగా కోయాలి. మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉడికితే చాలు.

కరకర పంది: అర కిలో ముక్కను అల్లం వేసిన నీళ్లలో ముప్పావు గంట ఉడికించాలి. లోపల ఎరుపు మిగలకూడదు. పచ్చి పంది మాంసం నుంచి బద్దెపురుగుల రోగం వస్తుంది. తీసి, తోలు తుడిచి, సూదితో పొడిచి, ఉప్పు రాసి, ఫ్యాన్ కింద రెండు మూడు గంటలు ఆరబెట్టాలి. తడి ఉంటే తోలు పొంగదు, పైగా నూనె చిందుతుంది. తరువాత మూకుడులో కొంచెం నూనెతో తోలు వైపు కిందికి పెట్టి మూత వేసి వేయించాలి. తోలు బుడగలు వచ్చి అప్పడం లెక్క అయ్యాక దించి ముక్కలు కోయాలి.

గిన్నె అడుగున రెండు చెంచాల సోయా సాసు, కొంచెం నువ్వుల నూనె, దాని మీద వేడి శేర్వ, పోగులు, మాంసం ముక్కలు, ఉడికిన గుడ్డు, ఉల్లికాడలు. అంతే.

పంది తినని మిత్రులు కోడి కాళ్లు, కోడి ఎముకలతో ఇదే విధంగా వండుకోవచ్చు. జపానులో కోడి శేర్వతో వండే రామెన్ కూడా పాతదే. మాంసమే ముట్టనివారు పుట్టగొడుగులతో వండుకోవచ్చు. ఎవరి తిండి వారిది. ఒక్కటి మాత్రం మనవి. ఇటువంటి గిన్నె అడుగుదాకా తాగితే అయిదారు గ్రాముల ఉప్పు కడుపులోకి పోతుంది. రోజు మొత్తానికి 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. బి.పి. ఉన్నవారు పోగులు తిని శేర్వ మిగల్చండి.

ఆ మధ్యాహ్నం

వాకిట్లో చాప పరుచుకొని కూర్చున్నాం. మా ఇంటావిడ కోసం మనుమరాలు ఇంట్లో పొయ్యి మీద కోడి శేర్వ విడిగా కాచింది. ఆమె ఒక గుక్క తాగి, "పేరేదో పెట్టిండ్రు గని, ఇది శేర్వల ఏసిన సేమ్యానే" అని తీర్పు చెప్పింది. నేను మొదటిసారి పంది మాంసం తిన్నాను. తోలు కరకరలాడింది, లోపల వెన్న లెక్క ఉన్నది. బాగుంది. డెబ్బై అయిదేండ్లు దీన్ని ఎందుకు దూరం పెట్టానో నాకు నేనే జవాబు చెప్పుకోలేకపోయాను.

నా గిన్నెలో పోగులు పొట్టిగా ఉన్నాయి. మిగిలినవారి గిన్నెల్లో జానకు మించి పొడుగున్నాయి. ఇదేమిటని అడిగాను.

"పనిల అలవాటైంది తాతా" అన్నది మనుమరాలు. "అక్కడ పెద్దోళ్లకు గొంతుల పడకుంట గిట్లనే కోసి పెడతం. నాకు తెల్వకుంటనే నీయి కోసిన."

ఎక్కడి ముసలివాళ్లకో మా పిల్ల ముద్ద చిన్నది చేసి పెడుతున్నది. వాళ్లు ఏ కులమో, ఏం తింటారో ఆమె అడగదు. నేను నా కచేరీకి వచ్చిన ముసలాయన కాగితం చేతికి తీసుకోలేదు. ఆయన పేరు కూడా నాకు గుర్తు లేదు. రిజిస్టరులో ఎక్కి ఉంటే ఉండేది. నేను ఎక్కించలేదు.

మిత్రులకు ఒక విన్నపం. మనలో చాలామంది ఆ అమెరికా గోధుమల కాలం చూసినవారే. మీ ఇండ్లలో అమ్మలు వాటిని ఏం చేసి పెట్టారో రాసి పంపండి. రాయడానికి చేతులు వణికేవారు నెలవారీ సమావేశంలో చెప్పండి, నేను రాసుకుంటాను. ఈసారి మాత్రం ఏ కాగితం వచ్చినా కట్ట అడుగుకు పోదని హామీ ఇస్తున్నాను. సెలవు.